జెండాలో నూలు ముక్క

మేము అద్దెకు దిగిన ఇంటి కింది వాటాలో ఇల్లుగలాయన ఉండేవాడు. ఇటలీ మనిషి, అరవై దాటాయి, భార్య పోయి రెండేళ్ళయింది. మేము సామాను దించుకుంటున్న రోజున నేను చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని అట్టపెట్టె మోసుకుంటూ మెట్లెక్కుతుంటే ఆయన నీళ్ళ గ్లాసుతో ఎదురొచ్చి, "పానీ? జల్దీ, జల్దీ!" అన్నాడు. నాకు హిందీ రాదు గానీ ఆ రెండు మాటలు రానంత కాదు. నీళ్ళు తాగాను, థాంక్స్ చెప్పాను, పైకెళ్ళి పెట్టె కిందపెట్టి ఆలోచనలో పడ్డాను. న్యూజెర్సీలో, ట్రెంటన్ పక్కన ఒక చిన్న వీధిలో, డెబ్బైల చివర, ఒక ఇటాలియన్ పెద్దాయన నోట్లోకి పానీ ఎక్కడినుంచి వచ్చింది?

మా ఆయన్ని అడిగాను. "ఎక్కడో విని ఉంటాడు. నీకెందుకే అవన్నీ?" అన్నారు. ఆయన మందుల కంపెనీలో కెమిస్టు. లాబ్‌లో సీసాల్లో ఏముందో తప్ప లోకంలో ఇంకేముందో ఆయనకి పట్టేది కాదు. నాకు అన్నీ కావాలి. ఎదురింటివాళ్ళు కర్టెన్లు మార్చినా ఎందుకు మార్చారో తెలియాలి. ఇది మంచి గుణమని నాతో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

వారం తిరక్కుండా సంగతి రాబట్టాను. రెండో ప్రపంచయుద్ధంలో పెద్దాయన ఇటలీ సైన్యంలో పదాతి సిపాయి. ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ వాళ్ళకి పట్టుబడితే ఓడెక్కించి బొంబాయి తీసుకొచ్చి, అక్కణ్ణించి బెంగుళూరు దగ్గర క్యాంపులో పడేశారు. ఇంచుమించు అయిదేళ్ళు అక్కడే ఉన్నాడు. "మీ దేశం నాకు బాగా తెలుసు సిన్యోరా, కాకపోతే ముళ్ళతీగ లోపలినుంచి," అన్నాడు. సిన్యోరా అంటే వాళ్ళ భాషలో అమ్మగారు అన్నట్టు. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషే. ఆయన ఇంగ్లీషు ఆయనది, నా ఇంగ్లీషు నాది, మధ్యలో చేతులు ఉండేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నేను చీరాల దగ్గర మగ్గాల వీధిలో పుట్టాను. మా నాన్న నేతగాడు. పెళ్ళికి ముందు టైపు హయ్యర్ పాసయ్యాను. ఈ రెండు సంగతులూ ఈ కథకి కావాలి గనక ముందే చెబుతున్నాను. రెండోది మొదట పనికొచ్చింది.

పెద్దాయనకి ఒక్కడే కొడుకు, పక్క ఊళ్ళో ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. నాలుగేళ్ళప్పుడు అమెరికా వచ్చాడు గనక ఇటాలియన్ తిట్లు వచ్చు, చదవడం రాదు. వాళ్ళ నాన్న తన రెజిమెంటు చరిత్రంతా ఒక లావుపాటి నోటుబుక్కులో ఇటాలియన్‌లో రాసుకున్నాడు. అది ఇంగ్లీషులోకి వస్తే తప్ప తనకి గానీ తన పిల్లలకి గానీ పనికిరాదని కొడుకు గొడవ. నాకు టైపు వచ్చని తెలియగానే సెల్లార్‌లోంచి ఒక పాత టైపు మిషను పైకి తెచ్చి, దుమ్ము దులిపి, కింది వంటింటి బల్ల మీద పెట్టాడు. వారానికి మూడు రోజులు పొద్దునపూట పెద్దాయన నోటుబుక్కు చూసి ఇంగ్లీషులో చెప్పడం, నేను కొట్టడం. నాకు ప్రతిఫలం తోటలో టొమాటోలు, వంకాయలు. బుట్టలో పెట్టి మా మెట్ల మీద ఉంచేవాడు.

ఒక రెజిమెంటు చరిత్ర ఇంత ఆసక్తిగా ఉంటుందని నేననుకోలేదు. ఇటలీ అనే దేశం ఒకటిగా ఏర్పడక ముందే ఒక చిన్న రాజ్యంలో ఈ రెజిమెంటు పుట్టిందట. రెండేసి రెజిమెంట్లు కలిపి ఒక బ్రిగేడు. ఆ రెండూ అక్కాచెల్లెళ్ళ లెక్క. కాలరు మీద ఇద్దరికీ ఒకే రంగు గుడ్డపట్టీ కుట్టేవాళ్ళు. మా అమ్మ మా అక్కకీ నాకూ ఒకే తానులో జాకెట్లు కుట్టించేది, అలాగన్నమాట అన్నాను. ఆయనకి ఈ పోలిక నచ్చి, అది కూడా టైపు చెయ్యమన్నాడు. నేను చెయ్యలేదు.

బ్రిగేడుకి ఒక ఊరి పేరు ఉండేది. మీ రెజిమెంట్లో ఆ ఊరివాళ్ళు ఎంతమంది అని అడిగాను. పెద్దాయన ఆలోచించి ఒక వేలు మడిచాడు. వంటవాడు ఒకడు. మళ్ళీ ఆ వేలు తెరిచి, వాడిది కూడా ఆ పక్క ఊరు అన్నాడు. కావాలనే దేశం నలుమూలలనుంచీ మనుషుల్ని తెచ్చి కలిపేవాళ్ళట. ఉత్తరాది వాడి మాట దక్షిణాది వాడికి అర్థమయ్యేది కాదట. మొదటి ఆరునెలలూ అందరికీ కామన్‌గా తెలిసిన భాష సార్జెంటు అరుపులేనట. నాకు మా ఆదివారం భోజనాలు గుర్తొచ్చాయి. అప్పట్లో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఏడెనిమిది కుటుంబాలే. నేను పచ్చడి అన్నదాన్ని వరంగల్ ఆవిడ తొక్కు అనేది, ఎవరిది సరైన మాటో తేలక అన్నం చల్లారిపోయేది. ఊళ్ళో ఉంటే ఒకరి మొహం ఒకరం చూసేవాళ్ళం కాదు, ఇక్కడికొచ్చి ఒక రెజిమెంటయ్యాం.

అన్నిటికన్నా జెండా సంగతి నన్ను పట్టుకుంది. ఆ పుస్తకంలో ప్రతి అధ్యాయమూ జెండాతో మొదలవుతుంది, జెండాతో ముగుస్తుంది. యుద్ధంలో కల్నల్ చచ్చిపోయిన సంగతి ఒక వాక్యం, జెండా తడిసిన సంగతి ఒక పేజీ. మూడు రంగుల పట్టు జెండా, మధ్యలో రాజుగారి ముద్ర. కొండల్లో యుద్ధం జరిగినప్పుడు జెండాని ఒక ఆఫీసరు ఒంటికి చుట్టుకుని పడుకునేవాడట. మరి దాన్ని ఎప్పుడు ఉతికేవాళ్ళు అని అడిగాను. జెండాని ఉతకరు సిన్యోరా అన్నాడు, గుళ్ళో దేవుడికి షాంపూ ఎప్పుడు పెడతారని అడిగినంత ఇబ్బందిగా.

ఆఫ్రికా అధ్యాయం వచ్చేసరికి ఆయన గొంతు మారింది. చుట్టూ శత్రువులు, నీళ్ళు లేవు, లొంగిపోవడం తప్పదు. జెండా మాత్రం వాళ్ళ చేతికి చిక్కకూడదు. అలాంటప్పుడు జెండాని కాల్చెయ్యడం ఒక ఆచారం, ముక్కలు చేసి సిపాయిలకి పంచడం ఇంకో ఆచారం. వాళ్ళ కల్నల్ డాక్టరు కత్తెర తెప్పించి తన చేత్తో జెండాని పద్నాలుగు ముక్కలు చేశాడు. పద్నాలుగు మందిని పిలిచి తలా ఒకటి ఇచ్చి, దాచుకోండి, యుద్ధం అయ్యాక మళ్ళీ కుట్టుకుందాం అన్నాడు. ఆ పద్నాలుగు మందిలో పెద్దాయన ఒకడు. అందరిలోకీ చిన్నవాడు. ఆయన వాటాకి ఆకుపచ్చలోంచి జానెడు ముక్క వచ్చింది.

అక్కడితో అయిపోలేదు. ఆఫీసర్లని వేరే క్యాంపుకి పంపేశారు గనక బెంగుళూరులో వీళ్ళకి ఒక సార్జెంటే పెద్ద. ఆయనా ఆ పద్నాలుగు మందిలో ఒకడే. ఏటా రెజిమెంటు పండగ రోజున తక్కిన పదముగ్గుర్నీ బారక్ వెనక వరసలో నిలబెట్టేవాడు. తలా అరచేతిలో ముక్క పెట్టుకుని చెయ్యి చాపాలి. సార్జెంటు ఒక్కొక్కరి ముందూ ఆగి, చూసి, పేరు పలికి ముందుకెళ్ళేవాడు. కాగితం మీద జాబితా ఉండదు, దొరికితే ప్రమాదం. అంతా ఆయన తలలోనే.

"ఆ ముక్క ఇప్పుడెక్కడుంది?" అన్నాను. ఫ్రిజ్ పైన ఉన్న ఒక బిస్కెట్ల డబ్బా వైపు గడ్డం ఎత్తాడు. చూపించండి అన్నాను. తర్వాత అన్నాడు. ఆ తర్వాత అనేది వేసవంతా రాలేదు. ఎప్పుడడిగినా చేతులు జిడ్డుగా ఉన్నాయనో, కాఫీ పొంగుతోందనో. నేను టైపు కొడుతున్నంతసేపూ నా కళ్ళు ఆ డబ్బా మీదే ఉండేవి. ఎన్ని తప్పులు కొట్టానో ఆ వేసవిలో.

అక్టోబరులో ఇటలీ నుంచి ఉత్తరం వచ్చింది. రెజిమెంటు యుద్ధంతోటే రద్దయిపోయింది. అయినా మాజీ సిపాయిల సంఘం ఒకటి మిగిలుంది, ఆ సార్జెంటే దానికి పెద్ద. ఇన్నాళ్ళకి జెండాని తిరిగి కుడుతున్నాం, ముక్కలున్నవాళ్ళు, పోయినవాళ్ళ తాలూకు ఇంటివాళ్ళు పంపండి, వసంతంలో పండగ చేసి ఊరి మ్యూజియంలో పెడదాం, వీలైతే మనిషి కూడా రండి, అని రాశాడు. కొడుకు సంబరం చూడాలి. ఆఫీసులో చెప్పాడు, చర్చిలో చెప్పాడు, నాన్నని తనే తీసుకెళ్తానన్నాడు. చిన్నప్పటినుంచీ ఆ ముక్క కథ వింటూ పెరిగినవాడు. స్కూల్లో పిల్లలు ఇటాలియన్ల పిరికితనం మీద జోకులేస్తే, మా నాన్న జెండా దాచి తెచ్చాడురా అని దెబ్బలాడి ముక్కు పగలగొట్టుకున్నాడట. ఆ మచ్చ నాకు చూపించాడు కూడా.

ఆ ఆదివారం మమ్మల్ని కూడా మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. పంపేముందు ముక్కని ఫొటో తీయాలి, పుస్తకంలో దాని వర్ణన ఒక పేజీ రావాలి. నాకు ఒకటే ఆనందం, డబ్బా తెరుచుకుంటున్నందుకు. పెద్దాయన ఆ రోజు సరిగ్గా తినలేదు. నేను గమనించాను గానీ పట్టించుకోలేదు. కొడుకు డబ్బా దించి, పొరలు పొరలుగా ఉన్న టిష్యూ కాగితం విప్పి, వెలిసిపోయిన ఒక ఆకుపచ్చ గుడ్డ ముక్కని నా ముందు పెట్టాడు. "రాయండి. పట్టు, ఆకుపచ్చ, ఏడంగుళాలు బై అయిదు," అన్నాడు.

నేను వేళ్ళతో తాకాను.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మగ్గాల వీధిలో పుట్టినవాళ్ళకి కొన్ని విషయాల్లో మర్యాద ఉండదు. బస్సులో పక్కన కూర్చున్నావిడ చీర కొంగు పట్టుకుని నలిపి చూస్తాం. పెళ్ళిలో పీటల మీదున్న పెళ్ళికూతురి చీర నాణ్యం గురించి బయటికే మాట్లాడతాం. నూలుని పట్టు అంటే మా నాన్న అన్నం ముందునుంచి లేచేవాడు. అందుకని నా నోరు నన్నడగలేదు. "ఇది పట్టు కాదండీ, నూలు," అన్నాను.

కొడుకు నవ్వాడు. నలభై ఏళ్ళనాటిది కదా, పాడైపోయి అలా ఉంటుంది అన్నాడు. నాకు రోషం వచ్చింది. ఎంత పాడైనా పట్టు నూలవుతుందా? అంచు చూపించాను. మగ్గం మీద గుడ్డ ముడుచుకోకుండా లాగి పట్టడానికి ఒక బద్ద పెడతారు, దాని చివర్ల సూదులుంటాయి. ఆ సూదులు గుచ్చుకున్న చిన్న చిన్న బెజ్జాలు అంచు వెంట వరసగా ఉన్నాయి. ఇది చేనేత, మా వైపు గుడ్డ, జెండా గుడ్డ కాదు అన్నాను. అతను ఇంకా తల అడ్డంగా ఊపుతున్నాడు. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు చెవులు వేడెక్కుతాయి. ఊడుతున్న పోగొకటి లాగి, లేచి వెళ్ళి, స్టవ్ వెలిగించి మంటలో పెట్టాను. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. నూలు కాలితే కాగితం వాసన. ఆ వంటింట్లో కాగితం వాసన వచ్చింది.

"చూశారా?" అన్నాను, గెలిచినట్టు. వెనక్కి తిరిగాను. పెద్దాయన బల్ల మీద చేతులు పెట్టుకుని వాటివైపే చూస్తున్నాడు. ఆశ్చర్యపోయిన మనిషి అలా కూర్చోడు. నాకు అర్థమయింది. కొడుక్కి నాకన్నా ముందే అర్థమయింది. అతను కోటు తీసుకుని కారెక్కి వెళ్ళిపోయాడు.

పైకొచ్చాక మా ఆయన తలపట్టుకున్నారు. "ఎవరి ఇంట్లో కూర్చుని ఎవరి జెండా కాలుస్తున్నావో తెలుస్తోందా నీకు? రేపు వెకేట్ చేయమంటే ఈ చలిలో ఎక్కడికి షిఫ్ట్ అవుతాం?" అన్నారు. ఇల్లు పోతుందని నాకు భయం లేదు. ఆ మనిషి చేతులు కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఇంత సిగ్గు నేను జన్మలో పడలేదు.

రెండు వారాలు కింది తలుపు తెరుచుకోలేదు. మెట్ల మీద బుట్ట లేదు. ఆఖరి వంకాయలు తోటలో ముదిరిపోతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కొడుకు కారు రాలేదు. ఒప్పుకుంటున్నాను, అంత బాధలోనూ నా బుద్ధి బుద్ధే: మరి అసలు ముక్క ఏమైంది అని ఒక పక్కన తొలుస్తూనే ఉంది. మూడో వారం ఇంక ఉండబట్టలేక గుత్తివంకాయ కూర చేసుకుని కిందికి వెళ్ళాను. క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు, కూర చెయ్యడం చేతనవును.

పెద్దాయన తలుపు తీసి గిన్నె అందుకుని పక్కన పెట్టాడు. కూర్చోమన్నాడు. "మిషన్లో కాగితం పెట్టు," అన్నాడు. నేను తప్పయిపోయిందండీ అనబోయాను. చెయ్యెత్తి ఆపాడు. "ముందు టైపు చెయ్యి."

చెప్పాడు. పట్టుబడ్డాక ఈజిప్టులో ఒక క్యాంపులో ఆపారు. ముక్క ఆయన చొక్కా కాలరులో కుట్టుకున్నాడు. రేపు పొద్దున బట్టలు విప్పించి వెతుకుతారని ఎవరో పుకారు తెచ్చారు. దొరికితే ఏం చేస్తారో ఎవరికీ తెలీదు. తక్కిన పదముగ్గురూ నిబ్బరంగా ఉన్నట్టు కనిపించారు.

"నాకు భయం వేసింది," అన్నాడు. "పాయిఖానా గుంటలో పడేశాను. అలాగే టైపు చెయ్యి, వేరే మాట పెట్టకు. పడేశాను. తెల్లారింది. ఎవరినీ వెతకలేదు."

నేను కొట్టాను.

బెంగుళూరులో మొదటి పండగ రోజు దగ్గరపడేకొద్దీ ఆయనకి అన్నం సయించలేదట. క్యాంపులో బట్టలుతికే ఆయన తలకి ఒక ఆకుపచ్చ గుడ్డ చుట్టుకునేవాడు. పెద్దాయన అతనికి సబ్బుబిళ్ళ ఇచ్చి దాని చివర ముక్క అడిగాడు. అతను ఎందుకని అడగలేదు, చించి ఇచ్చేశాడు. పెద్దాయన దాన్ని వారం పాటు ఎండలో పెట్టి వెలిసేలా చేశాడు. పండగనాడు బొటనవేలు అడ్డం పెట్టి అరచెయ్యి చాపాడు. సార్జెంటు ఎదురుగా నిలబడ్డాడు. చూశాడు. పేరు పలికి ముందుకెళ్ళిపోయాడు. అలా ప్రతి ఏడూ. ఇంటికి వెళ్ళాక భార్యకి అదే చూపించాడు, తర్వాత కొడుక్కి అదే చూపించాడు. మొదటిసారి చూపించినప్పుడు కొడుక్కి అయిదేళ్ళు, ముద్దు పెట్టుకున్నాడట దాన్ని. ఆ తర్వాత చెప్పడానికి చోటెక్కడుంది సిన్యోరా అన్నాడు.

అదంతా విని నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఆయన మాత్రం తేలికపడ్డట్టు కనిపించాడు. గిన్నె మూత తీసి వాసన చూశాడు. తర్వాత ఆ గుడ్డ బయటికి తీసి, ఇది ఎవరు నేసి ఉంటారు అని అడిగాడు. ఇన్నేళ్ళలో తనకి ఆ సందేహమే రాలేదట. చెప్పలేనన్నాను, చీరాలా కావచ్చు, సేలమూ కావచ్చు, ఏ వీధిలో ఎవరి మగ్గమో గుడ్డ చెప్పదు. కానీ చేయి తిరిగినవాళ్ళ నేత అన్నాను. అది అబద్ధం కాదు.

ఆ పేజీని ఆయన తన చేత్తో ఇటాలియన్‌లో రాసి, ఆ నూలు ముక్కతో పాటు సార్జెంటుకి పంపాడు. ఒట్టి ముక్క పంపొచ్చు, అసలు పంపకుండా పోయిందని రాయొచ్చు, రెంటికీ మనసొప్పలేదు. నేను కొట్టిన ఇంగ్లీషు పేజీని కొడుకు పేర పోస్టు చెయ్యమన్నాడు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అన్నాను. కొడుకు గొంతు వినడానికి ధైర్యం చాలదన్నాడు.

కొడుకు నుంచి జవాబు లేదు. క్రిస్మస్‌కి ఒక కార్డు వచ్చింది, కింద సంతకం తప్ప ఏమీ లేదు. పెద్దాయన దాన్ని ఫ్రిజ్ మీద డబ్బా ఉండే చోట నిలబెట్టాడు. పుస్తకం ఆగిపోయింది. జెండా వర్ణన రావాల్సిన పేజీ ఖాళీగా ఉండిపోయింది. మా ఇంట్లో నాకు కూర రుచి తెలిసేది కాదు. ఒక మనిషి జీవితంలో ఏకైక గొప్ప పనిని స్టవ్ మీద పెట్టి కాల్చానే అని నన్ను నేను తిట్టుకునేదాన్ని.

ఫిబ్రవరిలో మోకాళ్ళదాకా మంచు పడింది. ప్రతి ఏడూ మంచు తోడడానికి కొడుకే వస్తాడు. ఆ ఏడూ వచ్చాడు, కానీ ఇంట్లోకి రాకుండా బయటే పార పట్టుకుని పని చేసుకుంటున్నాడు. పెద్దాయన వరండాలో నిలబడి చూస్తున్నాడు. నేను మెట్ల మీద నిలబడి ఇద్దర్నీ చూస్తున్నాను. పోస్టుమాన్ మంచులో దిగబడుతూ వచ్చి ఉత్తరం ఇచ్చి వెళ్ళాడు. ఇటలీ స్టాంపు. పెద్దాయన అక్కడే చించాడు. చదువుతూ చదువుతూ వరండా కుర్చీలో మంచు మీదే కూర్చుండిపోయాడు. కొడుకు పార వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. నాన్నా, ఏమైంది అన్నాడు. నాలుగు నెలల్లో అతనన్న మొదటి మాట.

పెద్దాయన ఇటాలియన్‌లో ఒక్కో వాక్యం చదివి, ఇంగ్లీషులో మాకు చెప్పాడు. మొత్తం తొమ్మిది మంది ముక్కలు వచ్చాయట. బల్ల మీద పాత జెండా కొలతకి సుద్దతో గీత గీసి పరిచారట. తెలుపు చాలలేదు. ఆకుపచ్చ మాత్రం గీత దాటి బల్ల అంచుదాకా వచ్చింది. ఉన్న జెండాకన్నా ఆకుపచ్చ ఎలా ఎక్కువైందని ఎవరూ ఎవర్నీ అడక్కుండా కాఫీ తాగి ఇళ్ళకి వెళ్ళారట. ఆ తర్వాతి భాగం నాకు మాట మాట గుర్తుంది:

"తొమ్మిదింటిలో ఉత్తరంతో వచ్చింది నీదొక్కటే. అందుకని నీకొక్కడికే ఇది రాస్తున్నాను. పండగ రోజున నీ చేతిని సరిగ్గా చూడకుండా ఎందుకు దాటిపోయేవాడినో నీకు తెలీదు. ఎవరి ముందైనా ఎక్కువసేపు ఆగితే, మరి సార్జెంటు ముక్క ఏదీ అని ఎవరో ఒకరు అడుగుతారని భయం. నాది ఓడలోనే పోయింది. నా దగ్గరున్నది ఆసుపత్రి కర్టెన్. నీ నూలు ముక్కని కర్ర పక్కనే కుట్టించాను. ఎక్కణ్ణించి వచ్చిందో పూర్తిగా తెలిసిన ముక్క అదొక్కటే."

పెద్దాయన ఉత్తరం మడిచాడు. "ఆయన్ని చూసి అయిదేళ్ళు వణికాను," అన్నాడు, ఎవరితోనూ కాదు.

కొడుకు వంగి, వాళ్ళ నాన్న ఒళ్ళో పడ్డ మంచు చేత్తో దులిపాడు. "లోపలికి పద నాన్నా, తడిసిపోయావు. టికెట్లు నేను బుక్ చేస్తాను," అన్నాడు.

ఏప్రిల్లో ఇద్దరూ ఇటలీ వెళ్ళొచ్చారు. నాకు ఒక ఫొటో తెచ్చారు. నేను భూతద్దం పెట్టుకుని చూశాను. పాత పట్టు నిలువునా చీలికలు పడుతోంది, కింద వేరే గుడ్డ వేసి కుట్టారు. కర్ర పక్కన ఉన్న నూలు ముక్కలో మాత్రం పోగు కదల్లేదు. ఈ సంగతి బయటికి అందామనుకుని, బుద్ధొచ్చి నోరు మూసుకున్నాను.

పుస్తకం పూర్తి చెయ్యడానికి మళ్ళీ ముగ్గురం ఆ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. ఖాళీగా ఉన్న పేజీ మిషన్లో పెట్టాను. కొడుకే చెప్పాడు: "రాయండి. పట్టు, నూలు." కొట్టాను. అప్పుడతను, "ఆసుపత్రి కర్టెన్ కూడా రాద్దామా?" అన్నాడు.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు," అన్నాడు. "అది సార్జెంటుది. ఆయన రాసుకుంటాడు."